తెలుగు మాటల వాడుక, 7వ పాఠం: తిరుగు, తిప్పు (మిగిలిన గొడవ)

పోయిన పాఠంలో ఒక చిట్కా చెప్పి చేతులు కాల్చుకున్నాను. తిప్పే చేయి కనిపిస్తే ‘తిప్పు’, లేకపోతే ‘తిరుగు’ అన్నాను. తిరగలి దగ్గర అది చక్కగానే పనిచేసింది: పిడి పట్టుకుని అమ్మ తిప్పుతుంది, పై రాయి తిరుగుతుంది, కింది రాయి కదలదు. ఆ ధైర్యంతో మీలో చాలామంది ‘బస్సెక్కితే కడుపు తిరుగుతుంది’ అని రాశారు. కళ్ళు తిరుగుతాయి, తల తిరుగుతుంది; కడుపులో మాత్రం తిప్పుతుంది. తిప్పేది ఎవరని అడగకండి. ఉక్క పోసేది ఎవరో, ఇదీ వాళ్ళే.

తిరుగుతాను, తిరిగాను, తిరగను: ఇవి మీకు పుట్టుకతో వచ్చినవే, వదిలేస్తున్నాను.

నాకు చిరాకు తెప్పించేది ‘తిరిగి’.

ఊరు తిరిగి వచ్చాడు.
ఊరికి తిరిగి వచ్చాడు.

మొదటివాడు వీధులన్నీ చుట్టబెట్టి, కాళ్ళకు దుమ్ముతో ఇల్లు చేరాడు. రెండోవాడు ఎక్కడికో వెళ్ళి వెనక్కి వచ్చాడు. తేడా అంతా ఒక్క ‘కి’. అనుమానమొస్తే మధ్యలో ఒక మాట దూర్చి చూడండి. ‘ఊరు తిరిగి, అలిసిపోయి వచ్చాడు’ నిలబడుతుంది. ‘ఊరికి తిరిగి, అలిసిపోయి వచ్చాడు’ కుంటుతుంది. ఎందుకంటే అక్కడ ‘తిరిగి’ ఒక పని కాదు, ‘వచ్చాడు’కు అంటుకున్న తోక.

ఇంకో ‘తిరిగి’ ఉంది. ‘ఉత్తరం తిరిగి రాశాడు’ అంటే మొదటిది చింపేసి మళ్ళీ రాశాడా, వచ్చినదానికి జవాబు రాశాడా? అందుకే ‘మళ్ళీ’ సరిపోయే చోట నేను ‘తిరిగి’ ముట్టుకోను. ‘తిరిగి మళ్ళీ పునఃప్రారంభించారు’ అని ఎవరైనా రాస్తే, ఆ పని ఎన్నిసార్లు ఆగిందోనని జాలేస్తుంది.

తిరునాళ్ళను కూడా ‘తిరుగు’ నుంచి పుట్టిన మాటల్లో చేర్చినవారికి: అక్కడి ‘తిరు’ అంటే శ్రీ, పవిత్రమైన అని. ఎంత తిరిగినా దీనికీ దానికీ చుట్టరికం లేదు. పొద్దుతిరుగుడు మాత్రం మనదే. లేత మొగ్గగా పొద్దుతోపాటు తిరిగి, పూర్తిగా విచ్చాక తూర్పుకే ముఖం పెట్టి ఉండిపోతుంది. పేరు మాత్రం పోలేదు.

అభ్యాసం: చేయి తిరిగిన వంటవాడు, నోరు తిరగని పేరు, తిరుగుటపా, తిరుగులేని మాట, ఒక కాగితం కోసం మిమ్మల్ని వారాల తరబడి తిప్పించుకున్న ఆఫీసు. ఈ ఐదూ ఒకే పేరాలో రావాలి. ‘చుట్టూ’ అన్న మాట వాడకూడదు. ‘తిరిగి’ ఒక్కసారే, అదీ ‘వెనక్కి’ అన్న అర్థంలో.