తెల్లమచ్చ రొయ్యలో కణాల చావు: గట్టు మీద శాంపిల్ నుంచి స్లైడు దాకా

తెల్లమచ్చ వైరస్ సోకిన వనామీలో ఎన్ని కణాలు తమంతట తాము చచ్చిపోయాయో (దీన్నే అపోప్టోసిస్ అంటారు) లెక్కతీయాలంటే, అసలు పని చెరువు గట్టు మీదే అయిపోవాలి. రొయ్య ప్రాణం పోగానే హెపటోపాంక్రియాస్ అనే జీర్ణగ్రంథిలోని ఎంజైములు చుట్టూ ఉన్న కణజాలాన్ని అరిగించేస్తాయి. అలా కుళ్ళిన కణాల కేంద్రకాలూ అపోప్టోసిస్ కణాల్లో లాగే ముడుచుకుని కనిపిస్తాయి. భీమవరం, అమలాపురం ల్యాబులకు ఐసు పెట్టెలో తెచ్చే చచ్చిన రొయ్యలు వైరస్ డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్షకు సరిపోతాయి గానీ దీనికి పనికిరావు.

మూడు గుంపులు కావాలి: గట్టు వారన నీరసంగా తిరిగేవి ఐదు, అదే చెరువు చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) చురుగ్గా ఉన్నవి ఐదు, పీసీఆర్ నెగెటివ్ చెరువులోవి ఐదు. ఆరోగ్యమైన రొయ్యలోనూ కొన్ని కణాలు చస్తూనే ఉంటాయి కాబట్టి మూడో గుంపు మానొద్దు. ముందు మంచి చెరువుకే వెళ్ళండి. వల, బకెట్ దేనికది వేరుగా ఉండాలి.

కణజాలాన్ని కుళ్ళకుండా ఉన్నదున్నట్టు నిలిపే డేవిడ్‌సన్ ద్రావణం లీటరుకు: 95 శాతం ఇథనాల్ 330 మి.లీ., ఫార్మలిన్ 220, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 115, డిస్టిల్డ్ నీళ్ళు 335. గ్లవ్స్, కళ్ళద్దాలు వేసుకుని గాలికి వీపు పెట్టి నిలబడండి. మొదట ఏవైనా రెండు ఈత కాళ్ళు కత్తిరించి పీసీఆర్ కోసం 95 శాతం ఇథనాల్‌లో వేయండి. తర్వాత బతికున్న రొయ్యకే, బరువులో పదో వంతు ద్రావణం ఎక్కించాలి. 12 గ్రాముల రొయ్యకు 1.2 మి.లీ. మొదటి పోటు హెపటోపాంక్రియాస్‌లోకే. ఆపైన తల, పొట్ట భాగాల్లో. పక్క వారగా పెంకు చీల్చి, రొయ్యకు పదింతల ద్రావణంలో ముంచండి. 24 నుంచి 48 గంటలకు 70 శాతం ఇథనాల్‌లోకి మార్చాలి. ఆ ఆమ్లంలో ఎక్కువ రోజులుంటే డీఎన్ఏ దెబ్బతిని, చచ్చే కణాల్లో తెగిన డీఎన్ఏ కొనలకు గుర్తు వేసి చూపే టునెల్ పరీక్ష తప్పుతుంది. వాడేసిన ద్రావణం మురుగు కాలువలో పోయకండి. ఆ నీళ్ళు దిగువ చెరువులకే చేరతాయి.

4–5 మైక్రాన్ల మందాన పల్చగా కోసిన కణజాలం ముక్కలకు హెమటాక్సిలిన్–ఇయోసిన్ రంగు వేసి, మొప్పలు, జీర్ణాశయం పెంకు కింది పొర చూడండి. హెపటోపాంక్రియాస్ గొట్టాల పొరకు ఈ వైరస్ సోకదు, అక్కడ వెతికి లాభం లేదు. వైరస్ నిండిన కేంద్రకం ఉబ్బి ఉంటుంది. తొలిదశలో మధ్యన గులాబీ ముద్ద, చుట్టూ తెల్లని వలయం. తర్వాత కేంద్రకమంతా నీలంగా నిండిపోతుంది. అపోప్టోసిస్ కణం ఇందుకు విరుద్ధం. కుంచించుకుపోయి, లోపల నల్లగా గుండ్రటి తునకలుంటాయి, పక్క కణాల నుంచి విడివడి ఉంటుంది.

ఈ రెండూ ఒకే కణంలో అరుదు. అపోప్టోసిస్‌ను నడిపేది కాస్పేజ్ అనే ఎంజైము. టైగర్ రొయ్యలో తెల్లమచ్చ వైరస్ తయారుచేసే ఏఏపీ-1 ప్రోటీన్ ఆ కాస్పేజ్‌కే అతుక్కుని దాన్ని ఆపేస్తుంది. తన కాపీలు తయారయ్యేదాకా కణం బతికుండాలన్నదే వైరస్ అవసరం. అందుకే ఉబ్బిన కేంద్రకాలు, ముడుచుకున్నవి వేర్వేరు గడుల్లో రాయండి; కలిపేస్తే ఈ పోరు ఎటు తిరిగిందో తెలియదు.

టునెల్ చేస్తే, పరీక్ష సరిగా పనిచేసిందో లేదో చూసుకోవడానికి డీఎన్ఏజ్ (డీఎన్ఏను తెంపే ఎంజైము) వేసిన ముక్క ఒకటి, టీడీటీ (తెగిన కొనలకు గుర్తు అతికించే ఎంజైము) వేయనిది ఒకటి తప్పనిసరి. కణజాలంలోని ప్రోటీన్లను కరిగించే ప్రోటీనేజ్ కె ఎక్కువసేపు ఉంచితే మంచి కేంద్రకాలూ మెరుస్తాయి. 400 రెట్ల దగ్గర పది చోట్ల లెక్కపెట్టి, నూరు కణాలకు ఎన్నో రాయండి. పక్కనే ఆ పూట నీటి ఉష్ణోగ్రత వేయండి. 32–33 డిగ్రీల దగ్గర వనామీలో వైరస్ పెరుగుదల బాగా తగ్గుతుంది కాబట్టి, జనవరి చెరువు అంకెను మే చెరువు అంకెతో పోల్చకూడదు.