కాకతీయుల గుళ్లు, చెరువులతో సొంత మ్యాప్ ఎలా చేయాలి?

పండక్కి చుట్టాలొచ్చి రామప్ప చూస్తామనగానే మనవాళ్లు వాట్సాప్‌లో ఒక్కో లొకేషన్ పంపడం మొదలుపెడతారు. తెల్లారేసరికి అవన్నీ గుడ్ మార్నింగ్ పూల కింద పూడిపోతాయి. లైవ్ లొకేషన్ అయితే ఎక్కువలో ఎక్కువ 8 గంటలు. ఈ బాధలన్నీ లేకుండా గూగుల్ మై మ్యాప్స్‌లో ఒక మ్యాప్ చేసి పెట్టుకుంటే, ఎవరొచ్చినా ఒక్క లింకుతో పని అయిపోతుంది.

1. సరంజామా: కంప్యూటర్, గూగుల్ అకౌంట్. ఫోన్‌లో చేయొద్దు. మై మ్యాప్స్ ఆండ్రాయిడ్ యాప్‌ను 2021లోనే ఆపేశారు.

2. కొత్త మ్యాప్: తెరిచి పేరు పెట్టండి. పది లేయర్ల (పిన్నులను విడివిడిగా పెట్టుకునే పొరలు) దాకా ఇస్తుంది కానీ మూడు చాలు: గుళ్లు, చెరువులు, తిండి. మూడిటికి మూడు రంగులు. నాలుగో రంగు వేస్తే ఎవరూ చూడరు.

3. పట్టిక: లేయర్‌కొకటి చొప్పున గూగుల్ షీట్స్‌లో చేయండి. పేరు, అక్షాంశం, రేఖాంశం, గమనిక అని నాలుగు కాలమ్‌లు. పేర్లు తెలుగులోనే రాయండి. గమనికలో ఒక్క వాక్యం చాలు. ఉదాహరణకు రామప్పకు "1213లో కట్టారు, 2021లో యునెస్కో గుర్తింపు" అని. వ్యాసాలు రాయకండి, కారులో ఎవరూ చదవరు.

4. చోటు గుర్తించడం: అందరూ బోల్తా పడేది ఇక్కడే. నిదానంగా చేయండి.

ఊరి పేరు ఇచ్చి చోటు వెతుక్కోమని మ్యాప్‌కు వదిలేయకండి. కాకతీయుల కోటగుళ్లు ఉన్నది భూపాలపల్లి జిల్లా గణపురంలో. దాన్ని కూడా ఘన్‌పూర్ అనే రాస్తారు. హైదరాబాద్ వైపు స్టేషన్ ఘన్‌పూర్ ఇంకొకటుంది. హనుమకొండ నుంచి చూస్తే ఒకటి ఈశాన్యాన, ఇంకొకటి నైరుతిన. మ్యాప్ ఏది పట్టుకుంటుందో మన చేతిలో ఉండదు.

కాబట్టి అంకెలే వాడండి. గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి, కావాల్సిన చోట రైట్ క్లిక్ చేస్తే పైనే రెండు అంకెలు కనిపిస్తాయి. వాటిని నొక్కితే కాపీ అవుతాయి. షీట్‌లో అతికిస్తే రెండూ ఒకే గడిలో పడతాయి, విడగొట్టి చెరో కాలమ్‌లో పెట్టండి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. కొండగుర్తు: మన వైపు మొదటిది 17 లేదా 18, రెండోది 79 లేదా 80. తారుమారైతే వేయి స్తంభాల గుడి ఉత్తర ధ్రువం దగ్గర, నార్వే వాళ్ల స్వాల్బార్డ్ మంచులో తేలుతుంది. మ్యాప్ పిన్నులను దాచే కేఎంఎల్ ఫైల్లో మాత్రం వరస రివర్స్, రేఖాంశమే ముందు. అక్కడి నుంచి తెచ్చుకునేవాళ్లు చూసుకోవాలి.

పాత పుస్తకాల్లో 17°58' అని ఉంటే 17.58 అని రాయకండి. నిమిషాలను 60తో భాగిస్తే 17.967 వస్తుంది. ఆ తేడా దగ్గర దగ్గర 43 కిలోమీటర్లు. దశాంశం తర్వాత ఐదు అంకెలు ఉంచండి, మీటరు తేడాతో సరిపోతుంది. రెండే ఉంచితే కిలోమీటరు దాకా జరగొచ్చు.

చెరువులకు ఇంకో తిరకాసు ఉంది. పాకాల, లక్నవరం పిన్నులు నీళ్ల నడుమ పెడితే అందంగానే ఉంటాయి. కానీ దారి అడిగితే మ్యాప్ ఆ పిన్నుకు దగ్గరగా ఏ రోడ్డుంటే అక్కడికే తీసుకుపోతుంది, అది అవతలి గట్టు కావచ్చు. అందుకే పిన్ను బండి ఆగే చోటే పెట్టాలి. గుడికైనా అంతే, గర్భగుడి మీద కాదు, గేటు దగ్గర.

షీట్‌ను ఇంపోర్ట్ చేసేటప్పుడు చోటు ఏ కాలమ్‌లో ఉందని అడుగుతుంది. అక్షాంశం, రేఖాంశం రెండిటికీ టిక్ పెట్టి, ఏది ఏదో చూపించండి. "పేరు"కు టిక్ పెట్టారో, మళ్లీ ఘన్‌పూర్ కథే.

5. షేరింగ్: లింకు ఉన్నవాళ్లంతా చూసేలా మార్చండి, మార్చే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. ఇళ్ల అడ్రసులు ఇందులో పెట్టకండి. ఇన్‌కాగ్నిటో విండోలో లింకు తెరుచుకుంటుందో లేదో చూశాకే గ్రూపులో వేయండి.

6. సిగ్నల్ లేని చోటికి: అడవి దారుల్లో, మేడారం జాతర రద్దీలో నెట్‌ను నమ్ముకోకూడదు. మ్యాప్‌ను కేఎంఎల్‌గా దింపి, నెట్ లేకున్నా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ యాప్‌లో తెరవండి. ఆ యాప్‌లో తెలంగాణ మ్యాప్‌ను ఇంట్లో వైఫై ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి, ములుగు దాటాక కాదు.