సెన్‌హైజర్ హెడ్‌ఫోన్: షాపులో నచ్చింది, ఇంట్లో ఎందుకు నచ్చట్లేదు?

నెలకి నలుగురైనా ఫోన్ చేస్తారు. "అన్నా, అంత డబ్బు పోసి కొన్నాను, సౌండ్ బాలేదు." నేను అడిగేది ఒక్కటే: ప్లగ్ పూర్తిగా దిగిందా? "దిగిందన్నా" అంటారు, చూడకుండానే.

పాడేవాళ్ల గొంతు బావిలోంచి వస్తోంది, వయొలిన్లు మాత్రం బాగానే ఉన్నాయి

ప్లగ్ సగమే దిగింది. గ్రౌండ్ (రెండు వైపులకీ ఉమ్మడి తీగ) తగలకపోతే ఎడమ, కుడి రెండిట్లోనూ సమానంగా ఉండే గొంతు కొట్టుకుపోయి, ఆ రెండిటి తేడా ఒక్కటే వినబడుతుంది. టక్కుమనేదాకా నొక్కండి. లావు సాకెట్‌కి వాడే 6.3 మి.మీ. అడాప్టర్ ఉంటే రెండు చోట్లా నొక్కండి. మొన్న ఒకబ్బాయి ఇంత మాత్రానికి మియాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రోలో వచ్చాడు. టీ తాగి వెళ్ళాడు.

ఒక వైపు తక్కువగా ఉంది

హెచ్‌డి 600, 650 లాంటి మోడళ్లలో వైరు రెండు కప్పులకీ విడివిడిగా గుచ్చుకుంటుంది. రెండిటినీ పీకి అటుదిటు మార్చండి. తేడా రెండో చెవికి మారితే వైరుదో దాని అవతలిదో, మారకపోతే కప్పుది. పిన్నుల్లో ఒకటి లావు, ఒకటి సన్నం, తిరగేసి దూర్చొద్దు.

ఫోన్‌లో ఫుల్ పెట్టినా చాలట్లేదు. మెట్రోలో అసలు వినబడట్లేదు

మొదటిదానికి కారణం ఈ మోడళ్ల 300 ఓమ్స్, అంటే కరెంటుకి అవి పెట్టే అడ్డు. సౌండ్ పెంచే చిన్న యాంప్ (యాంప్లిఫయర్) కొనండి. రెండోదానికి మందు లేదు, అది ఓపెన్ బ్యాక్, కప్పుల వెనక తెరిచి ఉండి బయటి రొద లోపలికొస్తుంది. బయట వినాలంటే వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ హెచ్‌డి 620ఎస్ చూడాల్సింది. ఇంట్లో బేస్ తగ్గిందనిపిస్తే ముందు ఫ్యాన్ ఆపి వినండి.

షాపులో పక్కపక్కన పెట్టి విని మరీ ఎంచుకున్నాను, వారానికే మొహం మొత్తింది

నేనూ ఇక్కడే బోల్తాపడ్డాను. రెండేళ్ల కిందట ఒక షాపులో హెచ్‌డి 560ఎస్, హెచ్‌డి 660ఎస్2 ఒకే యాంప్ మీద విన్నాను. వాల్యూమ్ నాబ్ గడియారం ముల్లులా పదకొండు గంటల దగ్గర ఉంది, రెండిటికీ అక్కడే ఉంచాను. కదపకపోవడమే న్యాయం అనుకున్నాను. 560ఎస్‌లో మృదంగం మీద వేలు పడ్డ చోటు కూడా తెలుస్తోంది. 660ఎస్2 దుప్పటి కప్పుకున్నట్టుంది. ఖరీదు తక్కువది గెలిచిందని సంతోషంగా బిల్లు కట్టాను. ఇంట్లో గంట వింటే చాలు, చెవులు అలసిపోయేవి. వాల్యూమ్ తగ్గిస్తే ఆ మృదంగమే చప్పబడిపోయేది. ముందు హెడ్‌ఫోన్ తగిలించే డాంగిల్‌ని తిట్టాను, తర్వాత పాట ఫైళ్లని. చివరికి స్పెసిఫికేషన్ చూశాను.

ఒక వోల్టు ఇస్తే 560ఎస్ 110 డెసిబెల్స్ ఇస్తుంది, 660ఎస్2 104. అంటే నాబ్ కదపకుండా నేను ఒకదాన్ని 6 డెసిబెల్స్ ఎక్కువ గట్టిగా విన్నాను. 660ఎస్2కి వోల్టేజీ రెట్టింపు ఇస్తే గానీ పోటీ సమానం కాదు. తేడా ఆరు ఉంటే జాగ్రత్తపడేవాళ్లు కొందరైనా ఉంటారు. ఒకటో రెండో ఉంటే మాత్రం చెవి "ఇది గట్టిగా ఉంది" అనదు, "ఇది క్లియర్‌గా ఉంది" అంటుంది. పైగా సౌండ్ తగ్గేకొద్దీ చెవికి బేస్ మరీ తక్కువగా అందుతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. ఓమ్స్ ఒకటైతే సౌండూ ఒకటే అని కూడా నమ్మొద్దు. 660ఎస్2, 800ఎస్ రెండూ 300 ఓమ్సే, కానీ రెండోది 102 డెసిబెల్సే ఇస్తుంది.

దీనికి విరుగుడు స్వీటు డబ్బా అట్ట. ఇయర్‌ప్యాడ్‌ని పూర్తిగా మూసేంత ముక్క కత్తిరించి, మధ్యలో ఫోన్ మైకు ఆనేంత చిల్లు పెట్టండి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ తెరవండి. ల్యాప్‌టాప్‌లో పింక్ నాయిస్ (ఒకే తీరున సాగే హోరు) పెట్టి, అట్టని ప్యాడ్‌కి ఆనించి, మైకుని చిల్లు దగ్గర ఉంచి అంకె రాసుకోండి. రెండో హెడ్‌ఫోన్ కూడా అదే అంకె చూపించేదాకా నాబ్ తిప్పండి. యాప్ అంకె నిజం కాకపోయినా పరవాలేదు, మనకి కావలసింది పోలిక. తేడా ఒక డెసిబెల్ లోపు ఉండాలి. నాబ్ పక్కన టేపు ముక్క అంటించి, రెండు చోట్లా స్కెచ్‌పెన్‌తో గీత పెట్టండి. ఇక పాటలు వినండి, ఇంట్లో మీరు వినే వాల్యూమ్‌లోనే.

షాపువాళ్లు విసుక్కుంటారు. ఆదివారం సాయంత్రం కాకుండా మామూలు రోజు తెరవగానే వెళ్తే కుర్చీ కూడా వేస్తారు. ఈ పద్ధతిలో మళ్లీ వింటే నా చెవికి 660ఎస్2 నచ్చింది. మా బావమరిదికి 560ఎస్సే నచ్చింది, నాది వాడే తీసుకున్నాడు.

ఇవన్నీ చూశాను, అయినా బాలేదు

డ్రైవర్ (కప్పులో సౌండ్ పుట్టించే భాగం) పోవడం అరుదు. బేస్ పడ్డప్పుడు గరగర అంటే డ్రైవర్ మీద వెంట్రుక పడిందేమో చూడండి. ప్యాడ్స్ అప్పడంలా అణిగిపోయుంటే మార్చండి. వంద గంటలు వాయిస్తే బాగుపడుతుందనేవాళ్లతో, వెండి వైరు కొనమనేవాళ్లతో నేను వాదించడం మానేశాను.