కొత్తవాళ్ల కోసం ఒక చిన్న బగ్ మిగల్చండి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు (కోడ్ అందరికీ తెరిచి ఉంచి, ఎవరైనా మార్పులు పంపగల సాఫ్ట్‌వేర్) నడిపేవాళ్లు ఇది చేసి చూడండి. పది నిమిషాల్లో సరిచేయగల చిన్న బగ్ కనిపిస్తే మీరే సరిచేసేయకండి. దాన్ని ఇష్యూగా, అంటే చేయాల్సిన పనిగా రాసి, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఉండే 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' (కొత్తవాళ్లకు తగిన పని) లేబుల్ తగిలించి వదిలేయండి.

లేబుల్ ఒక్కటే సరిపోదు. ఏ ఫైలులో మార్చాలి, టెస్టులు ఏ కమాండ్‌తో నడపాలి, పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది, ఈ మూడూ రాయండి. తెలిసినవాళ్లు చుట్టూ ఉంటే ఎవరైనా ఇవి అడిగి తెలుసుకుంటారు. అలాంటి తోడు లేనివాళ్లు, ఇంగ్లీషులో అడగడానికి జంకేవాళ్లు చప్పుడు లేకుండా వెళ్లిపోతారు. వాళ్లు వచ్చి వెళ్లారని కూడా మనకు తెలియదు. నాకు అన్నిటికంటే బాధ అనిపించేది అదే.

కొత్తవాళ్ల నుంచి మొదటి పుల్ రిక్వెస్ట్ (తాము చేసిన మార్పును ప్రాజెక్టులో కలపమని పంపే అభ్యర్థన) వస్తే రెండు రోజుల్లో జవాబివ్వండి. టైమ్ లేకపోతే "చూశాను, ఆదివారం చదివి చెప్తాను" అన్నా చాలు, వాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. తప్పులుంటే మీరు తిరగరాయకండి, ఏం మార్చాలో చెప్పి వాళ్ల చేతే చేయించండి. రెండోసారి వచ్చేది అలా చేసినవాళ్లే.

డాక్యుమెంటేషన్, అనువాదం, డిజైన్ చేసినవాళ్ల పేర్లూ రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలులో) చేర్చండి.

ప్రవర్తనా నియమావళి కొత్తగా రాయక్కర్లేదు, 2014 నుంచి ఉన్న కాంట్రిబ్యూటర్ కోవెనంట్ అనే రెడీమేడ్ నియమావళి వాడుకోవచ్చు. అందులో ఫిర్యాదు ఎవరికి పంపాలో రాసే ఖాళీని మాత్రం తప్పకుండా నింపండి. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు.