కత్తి పట్టే ముందు, సాన పట్టే ముందు

మా కిచెన్‌లో కొత్తగా చేరినవాళ్లని నేను మొదట అడిగేది ఒకటే: చేతిలోంచి కత్తి జారితే ఏం చేస్తావు? చాలామంది "పట్టుకుంటానండీ" అంటారు. అలా అన్నవాళ్లకి ఆ రోజు కత్తి ఇవ్వను. జారిన కత్తిని పడనివ్వాలి. చేతులు పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేయాలి. మొన విరిగితే అరగదీసి మళ్లీ తెచ్చుకోవచ్చు, వేలి నరం తెగితే అంత సులువు కాదు. చెప్పులతో వస్తే లోపలికి రానివ్వనిది కూడా ఇందుకే.

తరిగేటప్పుడు కళ్లు కత్తి మీదే ఉంటాయి. నేను చూసినంతలో ఎక్కువ దెబ్బలు తరగడం ఆపాకే తగులుతాయి. సబ్బు నీళ్ల సింకులో కత్తి పడేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. నురగ కింద అది ఉందని తెలియక గిన్నెలు తోమేవాళ్లు చెయ్యి పెడతారు. ఎవరు వాడిన కత్తి వాళ్లే వెంటనే కడిగి, వెన్ను వైపు నుంచి తుడిచి, స్టాండులో పెట్టాలి. కత్తితో నడిచేటప్పుడు మొన నేలవైపు, పదును వెనకవైపు ఉంచి, చెయ్యి తొడకి ఆనించుకోండి. ఎవరి వెనక నుంచైనా వెళ్తుంటే "వెనక కత్తి!" అని గట్టిగా అనండి. మొదట్లో సిగ్గుగా ఉంటుంది, పోతుంది. ఇంకొకరికి కత్తి కావాలంటే చేతికి అందించకుండా బల్ల మీద పెట్టండి, వాళ్లే తీసుకుంటారు.

బోర్డు కదలకుండా కింద తడి గుడ్డ పరవండి. బొటనవేలు, చూపుడువేలితో అలుగు (కత్తి రేకు) మొదలు పట్టుకుని, మిగతా మూడు వేళ్లు పిడికి చుట్టండి. రెండో చేతి వేళ్ల కొనలు లోపలికి ముడిస్తే కత్తి పక్కభాగం కణుపులకి ఆనుతూ నడుస్తుంది. దొర్లే కాయైతే ముందు ఒక పక్క చెక్కి, ఆ చదును వైపు కిందికి పెట్టుకోండి. తరిగినవి పక్కకి తోయడానికి కత్తి తిప్పి వెన్ను వాడండి. పదునుతో బోర్డు గీకితే అంచు త్వరగా పోతుంది.

మొండి కత్తిని బలంగా నొక్కాల్సి వస్తుంది, నొక్కినప్పుడే అది జారుతుంది. టమాటా తొక్క మీద జారుతోందంటే ఆ కత్తిని సానకి తీసేయండి. స్టీల్ రాడ్ మీద నాలుగు గీతలు గీసి "పదును పెట్టేశాను" అంటారు కొందరు. వాడకంలో పక్కకి వాలిన అంచుని రాడ్ నిలబెడుతుంది, అంతే. అంచే అరిగిపోయాక సానరాయి కావాల్సిందే. రాడ్ వాడేటప్పుడు గాల్లో విన్యాసాలు వద్దు. దాని మొనని తడి గుడ్డ మీద నిలువుగా ఆనించి, కత్తిని పైనుంచి కిందికి నెమ్మదిగా ఇటొకసారి అటొకసారి లాగండి.

సానరాళ్ల మీద నంబర్లు ఉంటాయి. పెచ్చు లేచిన అంచుకి 400, మామూలు సానకి 1000, నునుపుకి 3000 ఆపైన. ఒక్కటే కొంటే 1000 కొనండి. నానబెట్టే రకమైతే బుడగలు ఆగేదాకా నీళ్లలో ఉంచాలి. కొన్ని రాళ్లకి పైన నీళ్లు చల్లితే చాలు, పెట్టె మీద చూసుకోండి. దీని కింద కూడా తడి గుడ్డ తప్పనిసరి.

టెన్షనంతా కత్తిని రాయి మీద ఆనించే కోణం గురించే. సాధారణ కత్తికి ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీలు, పల్చటి జపాన్ రకానికి 15. డిగ్రీలు కంటికి ఆనవు కాబట్టి ఎత్తు చూసుకోండి. అలుగు వెడల్పు 5 సెంటీమీటర్లయితే, వెన్ను రాయి పైకి 17 మిల్లీమీటర్లు లేస్తే 20 డిగ్రీలు, 13 లేస్తే 15. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, మధ్యలో మాత్రం మార్చకండి.

నొక్కే వేళ్లు అంచుకి కొంచెం లోపలే ఉండాలి. మొదలు నుంచి మొనదాకా ఒకే పక్క రుద్దుతూ పోతే, రెండో పక్క అంచు వెంబడి సన్నటి గరుకు తేలుతుంది. దాన్ని బర్ అంటారు. బొటనవేలిని వెన్ను నుంచి అంచు దాటి బయటికి జరిపితే తగులుతుంది. అంచు పొడవునా మాత్రం వేలు నడపకండి. బర్ మొత్తం పొడవునా తగిలాకే కత్తి తిప్పాలి. ముందే తిప్పేస్తే ఎంత రుద్దినా దండగే, సాన కుదరడంలేదని నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. రెండో పక్కా అయ్యాక తేలికగా అటొకటి ఇటొకటి గీస్తే బర్ పోతుంది. కడిగి తుడిచి, కాగితం కోసి చూడండి. చిరక్కుండా తెగితే సరిపోయింది. కొందరు వేలి మీద చూస్తారు, మీరు వాళ్లలో చేరకండి.

సాన అయిన సంగతి తోటివాళ్లకి చెప్పి తీరాలి. నిన్నటిదాకా ఆ కత్తిని బలంగా నొక్కిన చెయ్యి ఈరోజూ అలాగే నొక్కుతుంది. రంపపు పళ్ల కత్తుల్ని ఈ రాయి మీద పెట్టకండి.

కోతని ఆపే గ్లవ్ కత్తి పట్టని చేతికి వేసుకోండి. అది మొన గుచ్చుకుంటే ఆపదు. తిరిగే మెషీన్ దగ్గర అసలు వద్దు, చేతితో సహా లాక్కుపోతుంది.

తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి, చెయ్యి పైకెత్తి ఉంచండి. రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకున్నా, వేలు మొద్దుబారినా, వంగకపోయినా ఆస్పత్రికి వెళ్లండి. టెటనస్ ఇంజెక్షన్ సంగతీ అడగండి. చిన్న గాయమైతే కడిగి నీలం ప్లాస్టరు, దాని మీద గ్లవ్. ఊడి వంటలో పడితే కనబడాలనే ఆ నీలం. తర్వాత కత్తి, బోర్డు కడిగి, రక్తం తగిలిన సరుకంతా పారేయండి, ఎంత ఖరీదైనదైనా సరే.