బేర్డెడ్ డ్రాగన్ పిల్లని తెచ్చుకుంటున్నారా? ముందు లైటు సంగతి చూడండి

బేర్డెడ్ డ్రాగన్ అంటే తొండలాంటి పెంపుడు సరీసృపం. మూడు నెలల పిల్ల. తిండి బాగా తింటోంది, కాల్షియం పౌడర్ రోజూ పడుతోంది, ట్యాంకులో బల్బు పొద్దున్నుంచి రాత్రి దాకా వెలుగుతోంది, కిటికీ పక్కనే పెట్టారు కాబట్టి ఎండ కూడా వస్తోంది. అయినా వెనక కాళ్లు ఈడుస్తోంది, పొట్ట నేల మీంచి లేవడం లేదు, కింది దవడ మెత్తబడింది. ఈ మధ్య ఒకరు పంపిన ఫొటోల్లో చూశాను. "అన్నీ సరిగ్గానే చేశాం కదా, ఎక్కడ తేడా వచ్చింది?" అని అడిగారు. లైటులో వచ్చింది. నేను చూసినంతలో దాదాపు ప్రతిసారీ అక్కడే వస్తుంది.

అందుకే ఇది రాస్తున్నాను. నీళ్లు మార్చండి, ట్యాంకు శుభ్రంగా ఉంచండి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

లైటు

వెలుగు వేరు, యూవీబీ (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) వేరు. వెలుగు మన కంటికి కనిపిస్తుంది, యూవీబీ కనిపించదు. "లైటు బ్రహ్మాండంగా వెలుగుతోందండీ" అనే మాటకి అందుకే విలువ లేదు.

ఇది ఆస్ట్రేలియా ఎండునేలల్లో పుట్టిన జంతువు. ఎండలోని యూవీబీ చర్మం మీద పడితే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది, ఆ డి3 ఉంటేనే పేగులు కాల్షియాన్ని సరిగ్గా లోపలికి తీసుకుంటాయి. లేదంటే మీరు చల్లిన పౌడర్‌లో చాలా భాగం వచ్చిన దారినే పోతుంది. కండరాలు కదలాలన్నా గుండె కొట్టుకోవాలన్నా కాల్షియం కావాలి కాబట్టి, ఒళ్లు దాన్ని ఎముకల్లోంచి లాగుతుంది. పెద్ద డ్రాగన్‌కి ఎముకల్లో కొంత నిల్వ ఉంటుంది, కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. వారం వారం సాగిపోయే పిల్లకి ఏం నిల్వ ఉంటుంది? ఎముకలు ఇలా బలహీనపడడాన్నే మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. వైద్యంతో దాన్ని ఆపవచ్చు గానీ, వంగిపోయిన వెన్ను మాత్రం తిన్నగా కాదు.

కిటికీ సంగతి. మామూలు గాజు యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దం గుండా పడే ఎండలో డ్రాగన్ రోజంతా కూర్చున్నా డి3 తయారు కాదు, పైగా ఆ ఎండకి గాజు ట్యాంకు లోపల వేడి చాలా తొందరగా పెరిగి పిల్ల చచ్చిపోవచ్చు. అంటే కిటికీ పక్కన పెట్టడం వల్ల రావలసింది రాదు, రాకూడనిది వస్తుంది. నిజమైన ఎండ చూపించాలనుకుంటే బయట, గాలాడే జాలీ పెట్టెలో, సగం నీడ ఉండేలా, మీరు పక్కనే ఉండి చూపించండి. గాజు ట్యాంకుని మాత్రం ఎండలోకి తీసుకెళ్లకండి.

సన్నటి జాలీ మూత కూడా యూవీబీని కొంత మింగేస్తుంది, ఎంత అన్నది అల్లిక మీద ఉంటుంది. అందుకే యూవీబీ ఇచ్చే ట్యూబ్‌ని జాలీ మీద పెడితే దూరం తగ్గించాలి, జాలీ లోపల బిగిస్తే పెంచాలి. 10 నుంచి 12 శాతం యూవీబీ రకం, ఎక్కువ శక్తి ఇచ్చే టీ5 హెచ్‌ఓ ట్యూబ్ తీసుకుని, డ్రాగన్ వీపుకీ ట్యూబ్‌కీ మధ్య సుమారు 30 నుంచి 45 సెంటీమీటర్లు ఉండేలా చూడండి. పెట్టె మీద తయారీదారు ఇచ్చిన దూరాల పట్టిక ఉంటే దాన్నే పాటించండి. ట్యాంకు పొడవులో కనీసం సగం దాకా ట్యూబ్ రావాలి. చుట్టలు తిరిగిన చిన్న కాంపాక్ట్ బల్బు ఆ పనికి చాలదు, ఒక్క మూలకే అందుతుంది. సోలార్‌మీటర్ (యూవీని కొలిచే పరికరం) ఎవరి దగ్గరైనా దొరికితే ఒక్కసారి కొలవండి, వేడి కాచుకునే చోట యూవీఐ (యూవీ సూచిక) 3 నుంచి 5 మధ్య ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ట్యూబ్ వెలుగుతూనే ఉంటుంది, యూవీబీ మాత్రం తగ్గిపోతూ వస్తుంది. టీ5 అయితే ఏడాదికి, పాతకాలపు టీ8 అయితే 6 నెలలకి మార్చేయండి. కొన్న తేదీని మార్కర్‌తో ట్యూబ్ చివర రాయండి. వేరేవాళ్ల దగ్గర సెట్టప్ మొత్తం సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ ట్యూబ్‌ని లెక్కలోకే తీసుకోవద్దు, కొత్తది వేసుకోండి.

"డి3 కలిపిన పౌడర్ వేస్తున్నాం కదా" అంటారా? కొంత సాయం చేస్తుంది. కానీ నోటి ద్వారా వెళ్లిన డి3 తక్కువైతే చాలదు, ఎక్కువైతే విషం. చర్మంలో తయారయ్యేదాన్ని ఒళ్లే అదుపు చేసుకుంటుంది. పౌడర్‌ని లైటుకి బదులుగా వాడకండి.

వేడి

వేడి లేకపోతే తిన్నది అరగదు. పిల్లలకి వేడి కాచుకునే చోట, అంటే అది కూర్చునే రాయి లేదా కొయ్య పైభాగంలో 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, రెండో చివర 25 నుంచి 28 ఉండాలి, ఒళ్లు చల్లబడాలనిపిస్తే అది అటు పోతుంది. చిన్న ట్యాంకులో ఈ తేడా తీసుకురావడం కష్టం, మొత్తం ఒకేలా కాలిపోతుంది. గోడకి అంటించే గడియారం లాంటి థర్మామీటర్లని నమ్మకండి, ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో రాయి మీదే కొలవండి. వేడి బల్బూ యూవీబీ ట్యూబూ ఒకే చివర ఉండాలి, ఎందుకంటే వేడి కాచుకుంటున్నప్పుడే దానికి యూవీబీ అందాలి. రెండింటినీ చెరో పక్కన పెట్టేసి లైటు ఉందిగా అనేవాళ్లు ఉన్నారు. ఉంది, డ్రాగన్ మీద పడదు, అంతే.

కరెంటు వేడి రాళ్లు వద్దు. పొట్ట కాలుతున్నా దానికి సరిగ్గా తెలియదు.

రాత్రి అన్ని లైట్లూ ఆపేయండి, ఎర్ర బల్బు కూడా. గది 18 డిగ్రీల కంటే చల్లబడితే వెలుగు ఇవ్వని సెరామిక్ హీటర్‌ని థర్మోస్టాట్‌తో పెట్టండి.

తిండి

పిల్ల వయసులో ఎక్కువ భాగం పురుగులు, తక్కువ భాగం ఆకులు. పెద్దయ్యాక ఇది తిరగబడుతుంది. రోజుకి 2, 3 సార్లు, 10 నుంచి 15 నిమిషాల్లో ఎన్ని తింటే అన్ని. పురుగు పొడవు డ్రాగన్ రెండు కళ్ల మధ్య దూరం కంటే ఎక్కువ ఉండకూడదు. పెద్ద పురుగు మింగిన పిల్ల వెనక కాళ్లు పడిపోవడం నిజంగా జరుగుతుంది. కీచురాళ్లలో, మీల్‌వార్మ్‌లలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, అందుకే ఫాస్ఫరస్ లేని కాల్షియం పౌడర్ పిల్లలకి దాదాపు రోజూ చల్లాలి. ముందు రోజే ఆ పురుగులకి మంచి ఆకులు, కూరగాయలు తినిపించండి, అవి తిన్నదే మీ డ్రాగన్ తింటుంది.

తిన్నా తినకపోయినా ఆకులు రోజూ పెట్టండి. ఇప్పుడు అలవాటు కాకపోతే పెద్దయ్యాక మొండికేస్తుంది. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. లెట్యూస్ అంటే ఉత్త నీళ్లు.

మిగతావి వరసగా చెప్పేస్తాను, చదివి వదిలేయకండి.

మిణుగురు పురుగు ఒక్కటి చాలు చంపడానికి. ఇంట్లోకి ఎగిరొచ్చిన ఏ పురుగునీ పెట్టకండి. అవకాడో వద్దు. తోటలో పట్టిన మిడతలు వద్దు, వాటి మీద ఏ మందు కొట్టారో మీకు తెలియదు. తినకుండా మిగిలిన కీచురాళ్లని ట్యాంకులో వదిలేయకండి, రాత్రి నిద్రలో అవే పిల్లని కొరుకుతాయి. లైటు ఆపడానికి కనీసం 2 గంటల ముందే ఆఖరి తిండి అయిపోవాలి.

ట్యాంకు అడుగున ఇసుక వద్దు. "కాల్షియం ఇసుక" అసలే వద్దు. పేపర్ టవల్ వేయండి, రెట్ట ఎలా ఉందో కూడా కనిపిస్తుంది.

రెండు పిల్లల్ని ఒక ట్యాంకులో పెట్టకండి. ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకోవడం స్నేహం కాదు, పైది కిందదాని వేడినీ యూవీబీనీ కాజేస్తోంది. చెయ్యి ఊపడం పలకరింపు కాదు, లొంగిపోయానని చెప్పడం. తర్వాత వేళ్లు పోతాయి, తోక పోతుంది. బల్లికి మొలిచినట్టు దీని తోక మళ్లీ మొలవదు.

పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి, మనకి జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటుంది. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. దాని గిన్నెలు వంటగది సింకులో కడగొద్దు.

తెచ్చిన మొదటి వారం ఊరికే ఎత్తుకోవద్దు. మొదట్లోనే రెట్ట పరీక్ష చేయించండి. దవడ మెత్తబడిందేమోనని వేలితో నొక్కి చూడొద్దు, మెత్తబడి ఉంటే విరుగుతుంది.

ట్యూబ్ తేదీ చూశారా? చూడలేదా? ముందు అది చూడండి.

కాలి వేళ్లు వణకడం, నడుస్తుంటే ఒళ్లు అదరడం, పురుగు మీదికి నాలుక సరిగ్గా చాచలేకపోవడం, చెయ్యో కాలో ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా రేపటికి వాయిదా వేయకండి. పౌడర్ రెట్టింపు చేసి చూద్దాం అని ఆగకండి. సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి ఆరోజే తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ట్యాంకు మొత్తం కనిపించే ఫొటో, ట్యూబ్ పేరూ కొన్న తేదీ, ట్యూబ్ నుంచి డ్రాగన్ కూర్చునే చోటికి ఉన్న దూరం రాసుకుని వెళ్లండి, ఎక్స్‌రేతో పాటు డాక్టర్‌కి అవి కూడా కావాలి.