ఇడ్లీ ఆవిరి కెమెరాకు కనపడకపోతే: హోటల్ యాడ్ షూటింగులో సమస్యలు, పరిష్కారాలు

విజయనగరం, శ్రీకాకుళం లాంటి ఊళ్లలో హోటల్ యాడ్‌కి గ్రాఫిక్స్ బడ్జెట్ దాదాపు ఉండదు. ఉన్నా నేను వద్దనే అంటాను. రోజూ వేడి ఇడ్లీ తినేవాళ్లకు కంప్యూటర్‌లో అతికించిన ఆవిరి ఇట్టే తెలిసిపోతుంది. ఆవిరి, పొగ, వాన కెమెరా ముందే పుట్టాలి. అవి మొండికేస్తే వెంటనే సామాను మార్చేయకండి. లైటు ఎక్కడుంది, గాలి ఎటు కదులుతోంది అన్నవి ముందు చూడండి. నేను పడిన తిప్పల్లో చాలావరకు ఆ రెండింటి దగ్గరే తేలాయి.

సమస్య: ఇడ్లీ పొగలు కక్కుతోంది, మానిటర్‌లో మాత్రం చల్లారినట్టుంది

గంటస్తంభం దగ్గర్లో ఒక టిఫిన్ హోటల్‌కి చేస్తున్నప్పుడు ఇదే జరిగింది. మూడు వాయిలు దించాం, మూడూ వృథా. వంట మాస్టర్ మానిటర్‌లోకి తొంగి చూసి, "ఏటి బాబూ, కళ్లకి కనబడతంది గదా, ఈ మిషన్‌కి ఏటయింది?" అన్నాడు. ఆయన ప్రశ్న సరైనదే.

కారణం ఏమిటంటే, మనం ఆవిరి అనుకునేది గాలిలో తేలే సన్నటి నీటి తుంపర. కెమెరా పక్క నుంచి లైటు వేస్తే ఆ వెలుతురు తుంపరలోంచి దాటి వెనక్కి పోతుంది, కెమెరా వైపు పెద్దగా రాదు. దానికి తోడు వెనకాల తెల్ల టైల్స్ గోడ ఉంది. తెలుపు మీద తెలుపు ఎలా కనపడుతుంది?

లైటుని ప్లేటు వెనక్కి, కొంచెం పక్కకి, ఫ్రేములో పడకుండా మార్చాం. వెనకాల నలుపు కావాలి. హోటల్లో ఒక కుర్రాడి దగ్గర అయ్యప్ప దీక్ష నాటి నల్ల పంచె ఉంటే దాన్నే గోడకు కట్టాం. మాస్టర్ ఇడ్లీని వేళ్లతో రెండుగా విరిచాడు. విరిగిన చోట తడి మెరిసింది. అక్కడి నుంచి ఆవిరి దారంలా లేచి, అల్లం పచ్చడి గిన్నె మీదుగా ఒకసారి వంగి, పైకి వెళ్లి విడిపోయింది. దానికోసమే పొద్దున్నుంచీ చూస్తున్నాం.

లైటు మార్చినా ఆవిరి పలచగానే ఉందా? అయితే తప్పు గాలిది. వేడిగా, పొడిగా ఉన్న గాలిలో తుంపర త్వరగా ఇగిరిపోతుంది. చల్లగా, తేమగా ఉంటే కాసేపు నిలుస్తుంది. మే నెల మధ్యాహ్నం వంటగదిలో కుస్తీ పట్టే బదులు తెల్లవారుజామున ఐదింటికి పెట్టుకోండి. ఏసీ గది అయితే ముందుగా బాగా చల్లబరిచి, టేక్‌కి ముందు ఏసీ ఆపేయండి. ఏసీ గాలిని పొడిబార్చడమే కాక ఆవిరిని చెదరగొడుతుంది. ఫ్యాన్, చిమ్నీ కూడా ఆపండి. ఫోకస్, ఫ్రేము అన్నీ చల్లారిన ఇడ్లీతో సరిచూసుకున్నాకే వేడి వాయి దించమనండి.

చాలక పోతే ప్లేటు వెనకాల మరుగుతున్న నీళ్ల గ్లాసు దాచవచ్చు. బట్టల స్టీమర్‌కి సన్నటి గొట్టం తగిలించీ వదలవచ్చు, చేతికి తగలకుండా చూసుకోవాలి. ఇది మోసం కాదు, ఇడ్లీ నిజంగానే వేడిగా ఉంది కదా. కాఫీలో నురగ కోసం షేవింగ్ క్రీమ్ వేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ హోటల్ ఏది వడ్డిస్తుందో అదే తెర మీద కనపడాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. చట్టం లేకపోయినా నా మాట ఇదే.

సమస్య: నేల మీద మంచులా పాకాల్సిన పొగ పైకి లేచిపోతోంది

పెళ్లి హాలు షాట్లకు అందరూ అడిగేది ఇదే. స్మోక్ మెషిన్ ద్రవాన్ని వేడి చేసి పొగ తీస్తుంది. వేడి పొగ పైకే పోతుంది. దాన్ని చల్లబరిస్తే నేలకు దిగుతుంది. చేపల మార్కెట్లో దొరికే థర్మకోల్ పెట్టె ఒకటి తెచ్చి, బాగా కడిగి, రెండు వైపులా రంధ్రాలు చేయండి. లోపల ఇనప జల్లెడ మీద ఐసు ముక్కలు పరిచి, ఒక పక్క నుంచి పొగ పంపి రెండో పక్క నుంచి తీసుకోండి. మెషిన్ మూతి చాలా వేడిగా ఉంటుంది కనుక థర్మకోల్‌కి ఆనించకుండా జానెడు దూరంలో పెట్టండి.

డ్రై ఐస్ వాడితే ఇంకా బాగా పాకుతుంది, నిజమే. కానీ అది మైనస్ 78 డిగ్రీల్లో ఉండే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. ఉత్త చేతులతో ముట్టుకుంటే చర్మం పాడవుతుంది. బిగుతు డబ్బాలో పెడితే డబ్బా పేలుతుంది. తలుపులు మూసిన గదిలో ఆ వాయువు నేల దగ్గరే పేరుకుని ఊపిరాడనివ్వదు. నేల మీద పిల్లల్ని కూర్చోబెట్టే షాట్ అయితే అసలు వద్దు.

ఇంకో మాట. లాడ్జి గదుల్లో, కారిడార్లో స్మోక్ డిటెక్టర్లు ఉంటాయి. అలారం మోగితే పై అంతస్తులో వాళ్లంతా కంగారుగా మెట్ల మీదకు వస్తారు. మేనేజర్‌కి ముందే చెప్పండి. షాట్ దగ్గరున్న ఒక్క డిటెక్టర్‌ని హోటల్ వాళ్లే మూస్తారు. ఆ కాసేపూ ఒక మనిషి అగ్నిమాపక సిలిండర్‌తో అక్కడే నిలబడాలి. షాట్ అయ్యాక మూత తీసేశారో లేదో మీరే వెళ్లి చూడండి.

సమస్య: స్లో మోషన్‌లో వెలుతురు దడదడలాడుతోంది

మన కరెంటు 50 హెర్ట్జ్. చవక రకం బల్బులు, పాత ట్యూబులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. మామూలు షాట్‌కి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) సెకనులో 50వ వంతు పెట్టండి. స్లో మోషన్ కోసం సెకనుకు 100 ఫ్రేములు తీస్తే షట్టర్ 100వ వంతు. ఇంకా తగ్గకపోతే హోటల్ లైట్లన్నీ ఆపి, మిణుకులేని ఎల్ఈడీలు లేదా కిటికీ వెలుతురు వాడుకోండి.

సమస్య: హోటల్ నమూనా బొమ్మలాగే ఉంది

ముందున్న కరెంటు తీగల వల్ల అసలు భవనం బాగా పడకపోతే చిన్న నమూనా కట్టి తీస్తాం. ఫోకస్ లోతు తక్కువైతే బొమ్మని తెలిసిపోతుంది. వైడ్ లెన్స్ పెట్టి, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 11 లేదా 16కి బిగించి, లైటు బాగా పెంచండి. కదలిక ఉంటే అది నిజమైన సైజులో ఉన్నట్టు కనపడటానికి స్లో మోషన్‌లో తీయాలి. ఎన్ని రెట్లు అన్నదానికి కొలతకు వర్గమూలం లెక్క. 16వ వంతు నమూనా అయితే నాలుగు రెట్లు, అంటే సెకనుకు 25కి బదులు 100 ఫ్రేములు. చెక్క పనికి బొబ్బిలి వైపు వెళ్లండి. పనస కర్రతో వీణలు చెక్కే చేతులవి, బహుమతులకిచ్చే బుల్లి వీణలు కూడా చేస్తారు. బాల్కనీ చువ్వలు వాళ్లు చెక్కితే దగ్గరి షాట్‌కీ భయం లేదు. నమూనా మీద మాత్రం నీళ్లు పోయకండి. భవనాన్ని చిన్నది చేయగలం కానీ నీటి చుక్కను చిన్నది చేయలేం.

సమస్య: వాన పడుతోంది, కనపడట్లేదు

ఆవిరి కథే. లైటు వాన వెనక్కి పెట్టండి. కిటికీ షాట్ అయితే మేడ మీద నుంచి రంధ్రాల పైపు వేలాడదీస్తే చాలు. అద్దం మీద చుక్కలు జారకుండా నిలవాలంటే గ్లిజరిన్, నీళ్లు సగం సగం కలిపి చల్లండి. తడిచే చోట లైట్ల వైర్లు నేల మీద ఉండకూడదు. లీకేజీకి కరెంటు దానంతటదే ఆగిపోయే ట్రిప్ స్విచ్ లేకపోతే వాన షాట్ తీయకండి.

సమస్య: గదిలోంచి బయటకు రాగానే బొమ్మంతా మసక

ఏసీలో చల్లబడిన లెన్స్‌కి మన తీరపు తేమ గాలి తగిలి నీరు పట్టింది. కళింగపట్నం, చింతపల్లి బీచ్ పక్కన ఇది మరీ ఎక్కువ. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. కెమెరాని జిప్ వేసిన బ్యాగులోనే ఉంచి బయటకు తెచ్చి, అరగంట తర్వాత తెరవండి. సూర్యోదయం షాట్ ఉంటే ముందురోజు రాత్రే కెమెరాని ఏసీ లేని గదిలో పెట్టేయండి.